ఒకే ఎస్టీమ్‌లో 1.3, 1.6: రెండు ఇంజిన్లూ ఏళ్ల తరబడి వాడాక

నా కారు 2001 మోడల్ మారుతి ఎస్టీమ్ వీఎక్స్ఐ. 2006లో గుంటూరులో ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర కొన్నాను, అప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. ఇప్పుడు 3 లక్షల 5 వేలు దాటింది. అందులో 71 వేల కిలోమీటర్లు ఈ బండి తన సొంత ఇంజిన్‌తో తిరగలేదు, పాత బాలెనో సెడాన్ 1.6 లీటర్ల ఇంజిన్‌తో తిరిగింది. తర్వాత మళ్ళీ ఎస్టీమ్ సొంత 1.3 లీటర్ల ఇంజిన్నే బాగు చేయించి ఎక్కించాను, దానితో ఇంకో 96 వేలు అయ్యాయి. ఒకే బాడీలో, ఒకే రోడ్ల మీద, ఒకే మనిషి రెండు ఇంజిన్లనీ ఇంతకాలం నడిపిన అనుభవం చాలామందికి దొరకదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బాలెనో అంటే ఇప్పుడు రోడ్ల మీద కనిపించే హ్యాచ్‌బ్యాక్ కాదు, 1999లో వచ్చి 2007లో ఎస్ఎక్స్4 రాగానే ఆగిపోయిన పాత సెడాన్.

ముందు ఈ ఇంజిన్ల చుట్టరికం చెప్పాలి, అది తెలియకుండా ఏ ముక్క దేనికి పడుతుందో అర్థం కాదు. సుజుకీ జీ సిరీస్ అనే కుటుంబం ఇది. ఎస్టీమ్ బాడీ మాత్రం మన దగ్గరకి ముందే, 1990లో, మారుతి 1000గా వచ్చింది, 970 సీసీ, 46 బీహెచ్‌పీ. అంత బాడీకి ఆ ఇంజిన్ చాలలేదు, ఏసీ వేస్తే బండి నీరసపడేది, ఆ రోజుల్లో నడిపినవాళ్ళు ఎవరినడిగినా అదే చెబుతారు. 1994లో అదే బాడీలో 1298 సీసీ పెట్టి ఎస్టీమ్ అన్నారు. కార్బురేటరు (గాలిలో పెట్రోలు కలిపే పాత పద్ధతి పరికరం), సిలిండరుకి రెండు వాల్వుల చొప్పున మొత్తం 8 వాల్వులు, 65 బీహెచ్‌పీ. తర్వాత కాలుష్య నిబంధనలు బిగిశాయి, 2000 నుంచి దేశమంతా యూరో 1 స్థాయి వచ్చింది, ఆ మలుపులోనే ఎస్టీమ్‌కి 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు ఒక్కో సిలిండరుకి ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే పద్ధతి) ఇంజిన్ వచ్చింది. దాన్నే జీ13బీబీ అంటాం. 85 బీహెచ్‌పీ. బోరు (సిలిండరు వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 75.5, రెండు తరాల్లోనూ అవే కొలతలు. అంటే సీసీ ఒక్కటి కూడా పెరగకుండా 20 బీహెచ్‌పీ పెరిగింది. గాలి లోపలికి వెళ్ళే దారి వెడల్పయింది, పెట్రోలు లెక్కగా పడింది, అంతే. ఇంజిన్ బలం ఎక్కడి నుంచి వస్తుందో నాకు మొదట అర్థమైంది ఈ రెండు తరాలనీ పక్కపక్కన నడిపినప్పుడే, ఎందుకంటే మా బావగారి దగ్గర 1996 కార్బురేటరు ఎస్టీమ్ ఉండేది. ఆయన బండి 3 వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా నా బండికి ఏమాత్రం తీసిపోయేది కాదు. 4 వేలు దాటాక మాత్రం ఆయాసపడేది, నాది అక్కడే ఊపందుకునేది.

ఇదే జీ13బీబీని మారుతి తన ఇంట్లో చాలా బండ్లకి పంచింది. జిప్సీ కింగ్‌లో 80 బీహెచ్‌పీ, వెర్సాలో 82, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్ పెట్రోల్‌లో 87. జిప్సీ 2018 దాకా అమ్మారు కాబట్టి ఈ ఇంజిన్‌కి బేరింగులు, సీళ్ళు, గాస్కెట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఎస్టీమ్ ఆగిపోయి ఇన్నేళ్ళైనా నా బండి తిరుగుతోందంటే సగం పుణ్యం జిప్సీదే. కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. జిప్సీలోనూ వెర్సాలోనూ ఇంజిన్ నిలువుగా ఉంటుంది, వెనక చక్రాలు తిరుగుతాయి. ఎస్టీమ్‌లో, స్విఫ్ట్‌లో అడ్డంగా ఉంటుంది. కాబట్టి లోపలి సామాను కలవొచ్చు గానీ ఆయిల్ సంపు, మానిఫోల్డు, నీళ్ళ పైపులు, మౌంటు బ్రాకెట్లు కలుస్తాయని అనుకోవద్దు. మా బావగారు చవగ్గా వస్తోందని వెర్సా ఇంజిన్ కొన్నారు, తన కార్బురేటరు బండికి ఎంపీఎఫ్ఐ చేయిద్దామని. బయటి సామానంతా ఎస్టీమ్‌ది వెతకాల్సి వచ్చింది. అంతటితో అయిపోలేదు. కార్బురేటరు బండికి ఇంజిన్ పక్కనుండే మెకానికల్ పంపు సరిపోతుంది, ఎంపీఎఫ్ఐకి ట్యాంకులోనే కరెంటు పంపు ఉండాలి, అది ఎక్కువ ప్రెషర్‌తో తోస్తుంది, అందుకు తగ్గ గొట్టాలు కావాలి. అంటే ట్యాంకు మార్చాలి, ముందు నుంచి వెనక దాకా లైన్లు మార్చాలి, వైరింగ్ మొత్తం మార్చాలి. ఆయన 11 నెలలు పడ్డారు. ఆ డబ్బుకి అప్పట్లో మంచి ఎంపీఎఫ్ఐ ఎస్టీమే వచ్చేది. కార్బురేటరు నుంచి ఎంపీఎఫ్ఐకి మార్చాలనుకునేవాళ్ళకి నా మాట ఇదే: ఆ బండి అమ్మి ఆ తరం బండే కొనుక్కోండి.

ఇక నా సంగతి. 2011కి నా బండి 1 లక్షా 38 వేలు తిరిగింది, వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు పైనే ఆయిల్ తాగుతోంది, పొద్దున్నే సెల్ఫ్ కొడితే నీలం పొగ. ఇంజిన్ పని తప్పదన్నారు. అదే సమయంలో వెనక నుంచి లారీ గుద్దిన 2002 బాలెనో ఒకటి అమ్మకానికి వచ్చిందని తెలిసింది. డిక్కీ సగానికి వచ్చేసింది కానీ ముందు భాగానికి గీత కూడా పడలేదు. తిరిగింది 80 వేల లోపు. మొత్తం కారు 48 వేలకి మాట్లాడుకున్నాం.

బాలెనో ఇంజిన్ పేరు జీ16బీ. అదే కుటుంబం, అదే 16 వాల్వులు, 1590 సీసీ. బోరు 75 మాత్రమే, మనదానికన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. స్ట్రోకు మాత్రం 90. చూడటానికి చిన్న తేడా. నడిపితే పూర్తిగా వేరే మనిషి. 94 బీహెచ్‌పీ అంటే ఎస్టీమ్ మీద 9 ఎక్కువే కదా, దానికోసం ఇంత శ్రమా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. చూడాల్సింది ఆ అంకె కాదు. ఎస్టీమ్ 110 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 4500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. బాలెనో 130 ఎన్ఎం, అదీ 3000 దగ్గరే ఇస్తుంది. మనం రోజూ నడిపేది ఎక్కడ, 2 వేలకీ 3500కీ మధ్య. అక్కడ ఏ ఇంజిన్ ఎంత లాగుతుందన్నదే బండి పికప్, కాగితం మీది బీహెచ్‌పీ కాదు. పైగా ఎస్టీమ్ 9 వందల కిలోల లోపు బండి, బాలెనో అంతకన్నా బరువైనది. ఆ బరువు కోసం చేసిన ఇంజిన్ ఈ తేలిక బాడీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

విజయవాడ ఆటోనగర్‌లో ముందు ఒక షెడ్డులో ఇచ్చాను. ఆ షెడ్డు పేరు చెప్పను. నా ఎస్టీమ్ వైరింగ్, నా ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) అలాగే ఉంచి బాలెనో ఇంజిన్ పెట్టేద్దాం, రెండూ సుజుకీయే కదా అన్నారు. నేనూ తెలియక సరే అన్నాను. కనెక్టర్లు పడని చోట వైర్లు కోసి చుట్టారు. బండి స్టార్ట్ అయింది, ఐడిల్‌లో బాగానే ఉంది, రోడ్డెక్కి తొక్కితే మిస్ కొడుతుంది, వెనక సైలెన్సర్లో టప్ టప్‌మని మోత. ఆలోచిస్తే ఇంతకన్నా ఏమవుతుంది, ఆ ఈసీఎంలో ఉన్న లెక్క 1298 సీసీకి ఎంత పెట్రోలు వేయాలి, స్పార్కు ఎప్పుడు కొట్టాలి అని. ఇంజిన్ పీల్చే గాలి అంతకన్నా ఎక్కువ. ఐడిల్‌లో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఏదో సర్దుకుంటుంది, కాలు పూర్తిగా తొక్కినప్పుడు సర్దుకోలేదు. అలా నడిపితే పెట్రోలు చాలక వేడెక్కి పిస్టన్ కరిగే ప్రమాదం కూడా ఉంది. నాలుగు వందల కిలోమీటర్లు తిప్పి ఆపేశాను.

తర్వాత పెద్దాయన ఒకరి దగ్గరికి వెళ్ళాను, పాత బాలెనోలు, ఎస్టీమ్‌లు మాత్రమే చేస్తారు. బానెట్ ఎత్తి, కోసిన వైర్లు చూసి ఆయన అన్న మొదటి మాట: "బాబూ, ఆ బాలెనో ఇంకా ఉందా, తుక్కుకి వేసేశావా?" ఉందండీ అన్నాను. "అయితే డ్యాష్‌బోర్డు విప్పి దాని వైరింగు మొత్తం, ఈసీఎంతో సహా, ఒక్క వైరు కోయకుండా తీసుకురా. లేకపోతే ఈ పని నేను ముట్టుకోను." నా మొత్తం అనుభవంలో వేరేవాళ్ళకి పనికొచ్చే మాట ఏదైనా ఉందంటే ఇదే. ఇంజిన్ మార్చేటప్పుడు ఒక తరం సామాను మొత్తంగా తేవాలి. ఇంజిన్, గేర్‌బాక్సు, క్లచ్, ఈసీఎం, సెన్సర్లు, వైరింగ్, రేడియేటరు, ఎయిర్ ఫిల్టర్ బాక్సు దాకా. ఇందులో సగం పాతది, సగం కొత్తది పెడితే ఏ ముక్క తప్పు చేస్తోందో కనుక్కోవడానికే ఏళ్ళు పడుతుంది. అందుకే విడి ఇంజిన్ కొనొద్దు, గుద్దిన కారు మొత్తం కొనండి, మిగిలింది మీరే అమ్ముకోవచ్చు. నేను బాలెనో తలుపులు, సీట్లు, లైట్లు అమ్మితేనే 19 వేలు తిరిగొచ్చాయి.

మౌంటుల దగ్గర పెద్ద కష్టం రాలేదు, ఒక బ్రాకెట్ బాలెనోది వాడారు. స్ట్రోకు పెద్దది కాబట్టి ఇంజిన్ ఎత్తు ఎక్కువ, ఫిల్టర్ బాక్సుకీ బానెట్‌కీ మధ్య వేలు పట్టేంత సందే మిగిలింది. డ్రైవ్ షాఫ్టుల పొడవు సరిచూడటంలో రెండు రోజులు పోయాయి. మొదట ఎస్టీమ్ గేర్‌బాక్సే ఉంచాం, బండి బాణంలా పోయేది కానీ నెల తిరక్కుండా క్లచ్ జారడం మొదలైంది, అప్పుడు బాలెనో గేర్‌బాక్సు, దాని క్లచ్ పెట్టాం. బ్రేకులు ముందే పెంచి ఉండాల్సింది, అది నేను చేసిన తప్పు. కోదాడ దాటాక ఒక గేదె అడ్డొచ్చినప్పుడు బండి ఆగిన తీరు చూసి వారంలోపే బాలెనో ముందు డిస్కులు, కాలిపర్లు వేయించి, 13 అంగుళాల రిములు తీసి 14 వేశాను. బలం పెంచే పనిలో మొదటి ఖర్చు బ్రేకుల మీద పెట్టాలి, రెండోది రేడియేటరు మీద. ఆ తర్వాతే ఇంజిన్. మొత్తం ఖర్చు, కారు కొన్న డబ్బుతో కలిపి, లక్షా 12 వేలు అయింది.

నడపడం ఎలా ఉంది? విజయవాడ నుంచి హైదరాబాద్ 270 కిలోమీటర్ల పైచిలుకు, నెలకి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. 1.3తో వెళ్ళేటప్పుడు నందిగామ దాటి లారీల వెనక పడితే, దాటాలంటే ఐదో గేరు నుంచి మూడుకి రావాలి, ఆర్‌పీఎం 4 వేల పైన పట్టాలి, ఎదురుగా వచ్చేవాడి దూరం లెక్కేసుకోవాలి. 1.6తో నాలుగులోనే, ఒక్కోసారి ఐదులోనే కాలు నొక్కితే చాలు. నలుగురు మనుషులు, నిండు డిక్కీ, మే నెల ఎండలో ఏసీ, అయినా తేడా తెలిసేది కాదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మలుపుల్లో రెండు నుంచి మూడుకి వేశాక మళ్ళీ రెండుకి రావాల్సిన అవసరమే పడేది కాదు. ఆ రోడ్డు మీద ఆ ఇంజిన్ ఇచ్చిన సుఖం ఇప్పటికీ గుర్తుంది. పికప్ మాటకొస్తే 1.6 చాలా మెట్లు పైన, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

అయితే దానికో గుణం ఉంది. పైకి పోవడానికి ఇష్టపడదు. 5 వేలు దాటాక శబ్దం పెరుగుతుంది, లాగుడు పెరగదు. దీనికి కారణం స్ట్రోకులోనే ఉంది. 6 వేల ఆర్‌పీఎం దగ్గర 1.3 పిస్టన్ సగటున సెకనుకి 15 మీటర్లు తిరిగితే, 90 మిల్లీమీటర్ల స్ట్రోకున్న 1.6 పిస్టన్ 18 మీటర్లు తిరగాలి. అదే ఆర్‌పీఎం, కానీ పిస్టన్ మీద, కనెక్టింగ్ రాడ్ మీద పడే బరువు చాలా ఎక్కువ. 1.3 బోరూ స్ట్రోకూ దాదాపు సమానం కాబట్టి ఎర్ర గీత (మీటరు మీద ఆర్‌పీఎం దాటకూడని హద్దు) దాకా హాయిగా తిరుగుతుంది, ఆ ఆఖరి 1500 ఆర్‌పీఎంలో దాని గొంతు వినడం నాకు ఇష్టం. ముందు భాగం బరువు కూడా తేడా తెలుస్తుంది. 1.6 ఉన్నప్పుడు మలుపు తిప్పితే ముక్కు కొంచెం ఆలస్యంగా తిరిగేది, ముందు షాక్ అబ్జార్బర్లు 30 వేలకే మార్చాల్సి వచ్చింది. మైలేజీ 1.3కి హైవేలో 16, ఊళ్ళో 12 వచ్చేది. 1.6కి 13, ఊళ్ళో 9. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఒక్కోసారి 8కి కూడా పడింది.

ఈ మధ్యలో ఇంకో సలహా వచ్చింది, ఇప్పటికీ కుర్రాళ్ళు అడుగుతుంటారు. 1.6 కింది భాగం ఉంచి, పైన 1.3 హెడ్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) వేస్తే కంప్రెషన్ (గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందన్న లెక్క) పెరిగి బలం పెరుగుతుందట. పెరిగేమాట నిజమే, ఎంత పెరుగుతుందో లెక్కేయండి. 1.3లో ఒక్కో సిలిండరు 325 సీసీ. హెడ్‌లో మండే గది 38 సీసీ అనుకుందాం, కంప్రెషన్ సుమారు 9.5 అవుతుంది. అదే గదిని 397 సీసీ సిలిండరు మీద పెడితే 11.4 దాటుతుంది. అప్పట్లో మన బంకుల్లో దొరికే 91 ఆక్టేన్ పెట్రోలుతో, విజయవాడ ఎండలో, పాత ఈసీఎంతో అది కచ్చితంగా నాక్ కొడుతుంది (మిశ్రమం తనంతట తానే పేలి టకటకమంటుంది). గాస్కెట్ కూడా 74 బోరుది 75 బోరు మీద వేస్తే అంచు సిలిండరు లోపలికి పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. అక్కడ ఎర్రగా కాలి ముందే మంట అంటుకుంటుంది. పెద్దాయన ఈ ప్రస్తావన వస్తే వినడానికి కూడా ఒప్పుకునేవారు కాదు. ఈ ఇంజిన్ల బ్లాకు, హెడ్ రెండూ అల్యూమినియం, ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్ వంకరపోతుంది. దాన్ని లేత్ మీద కోయిస్తే కంప్రెషన్ ఇంకా పెరుగుతుంది. అలా రెండు మూడుసార్లు కోయించిన హెడ్లు సెకండ్‌హ్యాండ్‌లో చాలా తిరుగుతున్నాయి, కొనేముందు మందం కొలిపించండి.

మరి అంత బాగున్న 1.6ని ఎందుకు దించాను? 2016లో బండికి 15 ఏళ్ళు నిండాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు వేరు, బానెట్ కింద ఉన్నది వేరు. నాలుగేళ్ళ పైన అలా తిరిగాను, అది తప్పని ఒప్పుకుంటున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అసలు భయం జరిమానా కాదు. ఆ నాలుగేళ్ళలో ఎవరినైనా గుద్ది ఉంటే, బీమా కంపెనీ నంబరు చూసి చేతులెత్తేసి ఉంటే, ఒక కుటుంబానికి నేను ఏం సమాధానం చెప్పేవాణ్ణి? 2016లో కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఈ ఆలోచన వచ్చి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపట్టలేదు. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. కాబట్టి రోడ్డు మీద తిప్పే బండిలో సీసీ పెంచే మార్పు చేయమని నేను ఎవరికీ చెప్పను. పోటీలకి, ట్రాక్ మీదకి వేరే బండి పెట్టుకుంటే అది వేరే సంగతి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో ఎల్‌జీబీ ఫార్ములా కార్లు మారుతి ఇంజిన్లతోనే పరుగెత్తాయి, ఈ ఇంజిన్లు అక్కడ ఎంత దెబ్బ తట్టుకున్నాయో చూసినవాళ్ళకి తెలుసు.

నా అదృష్టం ఏమిటంటే పాత 1.3ని అమ్మలేదు. గోనెసంచులు కప్పి మేడ మెట్ల కింద ఉంచాను. దాన్ని పెద్దాయన ఏడు వారాలు తీరిగ్గా చేశారు. బ్లాకులో ఇనుప లైనర్లు ఉంటాయి కాబట్టి బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేశారు. బేరింగులు, వాల్వు సీళ్ళు జిప్సీ సామానులోంచి తెచ్చాం, ప్రతిదానికీ పార్టు నంబరు కలిస్తేనే. షాపువాడు "రెండూ ఒకటే, వేసుకోండి" అంటే తీసుకోలేదు. స్విఫ్ట్ కామ్‌షాఫ్ట్ వేస్తే ఇంకో 2 బీహెచ్‌పీ వస్తుందని ఒకరన్నారు, ఆ 2 కోసం ట్యూనింగ్ చెడగొట్టుకోవడం ఎందుకని వదిలేశాను. స్విఫ్ట్ గేర్‌బాక్సు మాట కూడా వచ్చింది. దాని గేర్లు కేబుళ్ళతో పడతాయి, ఎస్టీమ్‌వి రాడ్డుతో, అంత పని దానికి అక్కర్లేదనిపించింది. రాడ్డు బుష్‌లు కొత్తవి వేస్తేనే గేర్లు వెన్నలా పడ్డాయి, అయిన ఖర్చు 6 వందలు.

బాలెనో సామానులో మూడు మాత్రం ఉంచుకున్నాను: ముందు బ్రేకులు, 14 రిములు, రేడియేటరు. బాలెనో గేర్‌బాక్సు కూడా 1.3 వెనక ఒక నెల వాడి చూశాను. హైవేలో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ హాయిగా ఉండేది కానీ ఊళ్ళో, ఎత్తుల మీద లాగలేకపోయేది. 1.3కి బలం పైన ఉంటుంది, దాన్ని అక్కడికి తీసుకెళ్ళే గేర్లు కావాలి. ఎస్టీమ్ గేర్‌బాక్సు మళ్ళీ ఎక్కించగానే బండికి ప్రాణం వచ్చింది.

ఇంతా చేశాక నేను గమనించింది ఏమిటంటే, 2006లో కొన్నప్పటి 1.3 కన్నా ఇప్పటి 1.3 చాలా మంచి బండి. బ్రేకు గట్టిగా పడుతుంది, మే నెలలో సూర్యాపేట దగ్గర ఏసీ వేసుకుని గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడినా వేడి ముల్లు కదలదు, గేర్లు సుఖంగా పడతాయి, 5 వేలు దాటాక ఆ గొంతు అలాగే ఉంది. 1.6 ఇచ్చిన దానిలో ఒక్క పికప్ తప్ప మిగతావన్నీ ఈ చిన్న మార్పులతోనే వచ్చాయి. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, నలుగురు ఉన్నప్పుడు మాత్రం 1.6 లేని లోటు తెలుస్తుంది. ఏసీ ఆపి రెండో గేరులో ఎక్కుతాను.

మా తమ్ముడి దగ్గర 2012 స్విఫ్ట్ ఉంది, కె12 ఇంజిన్, 1197 సీసీ. జీ సిరీస్ తర్వాతి తరం అదే. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు, అప్పటి నుంచి స్విఫ్ట్‌లో 1298 సీసీకి రోజులు దగ్గరపడ్డాయి. కె12 దాదాపు నా 1.3 అంత బలమే, 85 బీహెచ్‌పీ దరిదాపుల్లో, 100 సీసీ తక్కువతో ఇస్తుంది. టైమింగ్ బెల్టు బదులు చైన్ ఉంటుంది కాబట్టి 60 వేలకోసారి మార్చే బెంగ లేదు, నేను బెల్టు అలాగే మారుస్తున్నాను. మైలేజీలో నాకన్నా రెండు కిలోమీటర్లు పైనే. ఇంజిన్‌గా అది మెరుగైనదే, ఒప్పుకుంటాను. కానీ దాని ముక్కలు మన జీ సిరీస్‌కి పడవు, కుటుంబమే వేరు. ఎస్టీమ్‌లో కె12 పెట్టొచ్చా అని అడిగేవాళ్ళకి చెబుతున్నాను, వద్దు, దానికి పెట్టే డబ్బుతో జీ13బీబీని కొత్తదానిలా చేయించుకోవచ్చు. మొదటి స్విఫ్ట్ 1.3 ఈసీఎం వేద్దామనుకునేవాళ్ళు కూడా తాళం సంగతి చూసుకోండి, ఇమ్మొబిలైజర్ ఉన్న బండి ఈసీఎం దాని తాళంతో జతపడి ఉంటుంది, అది లేకుండా స్టార్ట్ కాదు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వస్తోంది కాబట్టి పోయినేడాది పెట్రోలు లైన్ రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయించాను, పాతవి వేళ్ళతో నొక్కితే పగుళ్ళు కనిపించాయి. పాత ఎంపీఎఫ్ఐ ఎస్టీమ్, బాలెనో, జిప్సీ ఉన్నవాళ్ళు ఈ పని వాయిదా వేయొద్దు, అయ్యేది రెండు మూడు వేలే. ఇంజెక్టర్ల కింద ఉండే చిన్న ఓ రింగులు కూడా మార్పించండి.

బాలెనో ఇంజిన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది, మెట్ల కింద, ఒకప్పుడు 1.3 ఉన్న చోట. ప్లగ్గులు తీసి సిలిండర్లలో ఆయిల్ చుక్కలు వేసి, నెలకోసారి పానా పెట్టి క్రాంకు చేత్తో రెండు చుట్లు తిప్పుతాను, పట్టేయకుండా. ట్రాక్ కోసం ఎస్టీమ్ కట్టుకుంటున్నవాళ్ళు ఎవరైనా అడిగితే వైరింగు, ఈసీఎం, గేర్‌బాక్సుతో కలిపి మొత్తంగానే ఇస్తాను. విడిగా అయితే ఇవ్వను.